బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి? ఆ నివేదిక ఖర్చు ఎవరిది?

రాయ్‌పూర్‌లో శంకర్ నగర్ అనగానే రాజకీయాలు తెలిసినవారికి మంత్రుల బంగళాలు గుర్తుకొస్తాయి. పాలనా కేంద్రం నవా రాయ్‌పూర్‌కు తరలుతున్నా ఈ పేటకు ఆ పాత హోదా ఇంకా పూర్తిగా పోలేదు. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఉన్నది ఇక్కడే. ఛత్తీస్‌గఢ్ పిల్లలు ఏం చదవాలి, ఎలా చదవాలి అన్న ఆలోచనలకు ఈ పేటే చిరునామా. తల్లిదండ్రులు విడిపోయినప్పుడు అదే పిల్లలు ఎవరి ఇంట్లో కూర్చుని ఆ పుస్తకాలు చదవాలన్నది మరో ప్రశ్న. దానికి బంగళాలలో సమాధానం దొరకదు. నగరంలోని కుటుంబ న్యాయస్థానంలో దొరకాలి. అక్కడైనా సరైన సమాధానం దొరకడం చాలావరకు కక్షిదారుల జేబు మీద ఆధారపడి ఉంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. తాతగారు రైల్వే ఉద్యోగం కోసం విజయనగరం లైను మీదుగా రాయ్‌పూర్ చేరి ఇక్కడే స్థిరపడ్డారు. 1931 నాటికి పూర్తయిన ఆ రైలుమార్గం ఇలాంటి తెలుగు కుటుంబాలెన్నింటినో ఈ నగరానికి తెచ్చింది. మనవడు శంకర్ నగర్‌లో అద్దె ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తాడు. భార్యది పార్వతీపురం. ఆరేళ్ల పాప. దంపతులకు పొసగలేదు. తల్లి పాపను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోతానంటుంది. పాప పుట్టినప్పటి నుంచి తన తల్లి చేతుల మీదే పెరిగిందనీ, బడి, స్నేహితులు అంతా ఇక్కడేననీ తండ్రి అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరి పిటిషన్లలోనూ అబద్ధాలున్నాయి, ఎందుకంటే పిటిషన్లు రాసే పద్ధతే అలాంటిది.

ఇప్పుడు న్యాయమూర్తి ముందున్న సాధనాలేమిటి? ఇరుపక్షాల ప్రమాణపత్రాలు, జీతం కాగితాలు, బడి మార్కుల పట్టిక, వాట్సాప్ సంభాషణల ముద్రిత ప్రతులు. ఆపై పాపను తన గదిలోకి పిలిచి పావుగంట మాట్లాడే అవకాశం. ‘ఎవరి దగ్గర ఉంటావమ్మా?’ అని అడిగితే ఆరేళ్ల పాప ఆ ఉదయం తనను కోర్టుకు ఎవరు తీసుకొచ్చారో వారి పేరే చెప్పడానికి ఎక్కువ అవకాశం ఉంది. అనుభవజ్ఞులైన న్యాయమూర్తులకు ఈ సంగతి బాగా తెలుసు. అయినా రోజుకు పదుల సంఖ్యలో కేసులు పిలిచే కోర్టులో పావుగంటకు మించి సమయం ఎక్కడిది?

ఈ వెలితిని పూరించడానికే కస్టడీ మదింపు అనే పద్ధతి పుట్టింది. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో ఏ పక్షానికీ చెందకుండా కోర్టు తరఫున పనిచేస్తారు. తల్లితో విడిగా, తండ్రితో విడిగా మాట్లాడతారు. బిడ్డతో ఒకటికి రెండు మూడుసార్లు కూర్చుంటారు. బిడ్డ తల్లితో ఉన్నప్పుడు ఎలా ఉంది, తండ్రితో ఉన్నప్పుడు ఎలా ఉంది గమనిస్తారు. రెండు ఇళ్లూ చూస్తారు. టీచరుతో, అవసరమైతే పిల్లల డాక్టరుతో మాట్లాడతారు. ఇంట్లో హింస ఉందా, తాగుడు ఉందా, బిడ్డకు ఎవరైనా మాటలు నూరిపోస్తున్నారా అన్నవి పరీక్షిస్తారు. చివరికి నివేదిక రాసి, పిలిస్తే కోర్టుకు వచ్చి ప్రశ్నలకు జవాబు చెబుతారు. ఎంత పొదుపుగా లెక్కవేసినా ఇది ఒకటి రెండు రోజుల్లో తేలే పని కాదు. నిపుణులు ప్రైవేటుగా గంటకు ఇంత అని తీసుకుంటారు కాబట్టి బిల్లు పెరుగుతూ పోతుంది. జీతం మీద బతికే శంకర్ నగర్ గుమస్తాకే అది భారం. నగరం అంచున ఆటో నడిపేవాడికీ, ఇళ్లలో పనిచేసే తల్లికీ ఆ ఊహే రాదు.

ఫలితంగా డబ్బున్న పక్షం తనకు అనుకూలమైన నిపుణుడిని తానే కుదుర్చుకుని నివేదిక తెచ్చుకుంటుంది. లేనివారు నోటిమాట మీద నిలబడతారు. బిడ్డ సంక్షేమమే పరమ ప్రమాణమని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ ఘోషిస్తోంది. బిడ్డ వయసు, స్త్రీపురుష భేదం, సంరక్షకుడు కాగోరే వ్యక్తి నడవడి, శక్తి, ఊహ తెలిసిన బిడ్డ ఇష్టం ఇవన్నీ చూడాలని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. పిల్లలు ఆస్తిపాస్తులూ కారు, తల్లిదండ్రుల ఆటబొమ్మలూ కారు అన్న భావాన్ని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. సూత్రాలకు కొదవ లేదు. ఆ సూత్రాన్ని ఫలానా ఇంట్లో, ఫలానా బిడ్డ విషయంలో అమలు చేయడానికి కావలసిన సమాచారం ఎవరు సేకరించాలి, దానికి ఎవరు డబ్బు కట్టాలి అన్న దగ్గరే బండి ఆగిపోతుంది.

సమాచారం ఆలస్యంగా వస్తే ఏమవుతుందో 2025 జూలైలో దేశం చూసింది. సుప్రీంకోర్టు తన తీర్పును తానే వెనక్కి తీసుకోవడం అరుదు. కేరళకు చెందిన ఒక బాలుడి కస్టడీని తండ్రికి అప్పగించిన హైకోర్టు ఉత్తర్వును 2024 ఆగస్టులో సమర్థించిన అత్యున్నత న్యాయస్థానం, ఏడాది తిరగకముందే పునఃసమీక్షలో దాన్ని రద్దు చేసి బాలుడిని తల్లి దగ్గరే ఉంచాలని ఆదేశించింది. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ ప్రసన్న బి. వరాలేల ధర్మాసనం ఆ నిర్ణయానికి రావడానికి ప్రధాన కారణం, మొదటి తీర్పు తర్వాత వెలువడిన మానసిక నిపుణుల నివేదికలు. చిన్ననాటి నుంచి తల్లి దగ్గరే పెరిగిన ఆ పిల్లవాడు, ఆమెను విడిచి వెళ్లాల్సి వస్తుందన్న ఆందోళనతో ఎంత నలిగిపోతున్నాడో అవి చెప్పాయి.

కుటుంబ న్యాయస్థానం, హైకోర్టు, సుప్రీంకోర్టు మూడు మెట్లు దాటిన తర్వాత పిల్లవాడి మనసులోని మాట కాగితం మీదికి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని పునఃసమీక్ష పిటిషన్ దాకా నడవగలిగిన తల్లి కాబట్టి తీర్పు మారింది. బస్తర్ నుంచో, సరగుజా నుంచో వచ్చిన తల్లి అయితే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి ఉండేది. మొదటి మెట్టు మీదే ఆ నివేదిక ఉండి ఉంటే మూడు కోర్టుల కాలమూ, ఒక పిల్లవాడి నిద్రలేని రాత్రులూ మిగిలేవి. మదింపు ఖర్చు ఎక్కువ అనేవారు మదింపు లేకపోతే అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకోవడం లేదు.

అసలు ఆశ్చర్యం ఏమిటంటే, ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు పార్లమెంటు నాలుగు దశాబ్దాల కిందటే జవాబు చెప్పింది. 1984 సెప్టెంబరు 14న, ఇందిరాగాంధీ హత్యకు ఏడు వారాల ముందు, కుటుంబ న్యాయస్థానాల చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. మహిళా సంఘాల ఒత్తిడి, 1974 నాటి లా కమిషన్ 59వ నివేదిక దాని వెనుక ఉన్నాయి. కుటుంబ వివాదాన్ని మామూలు సివిలు దావాలా చూడకూడదన్నది దాని ఆత్మ. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఏ కేసులోనైనా న్యాయస్థానం వైద్య నిపుణుడి సాయమో, కుటుంబ సంక్షేమ రంగంలో వృత్తిరీత్యా పనిచేసేవారి సాయమో తీసుకోవచ్చు. లభ్యమైతే మహిళకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. సాక్ష్య చట్టం చట్రంలో ఇమడకపోయినా వివాద పరిష్కారానికి ఉపయోగపడే నివేదికను స్వీకరించే వెసులుబాటు 14వ సెక్షన్ ఇచ్చింది.

అంతకంటే ముఖ్యమైనది, ఎవరూ పెద్దగా తిరగేయని 23వ సెక్షన్. అది రాష్ట్ర ప్రభుత్వాలు నిబంధనలు చేసుకునే అధికారం గురించి చెబుతుంది. ఆ జాబితాలో ఒక అంశం ఇది: 12వ సెక్షన్ కింద పిలిచే నిపుణుల ఫీజులు, ప్రయాణ ఖర్చులతో సహా, రాష్ట్ర ప్రభుత్వ ఆదాయం నుంచి చెల్లించడం, ఆ ఫీజుల స్థాయిని నిర్ణయించడం. చట్టం రాసినవారి ఉద్దేశంలో ఎక్కడా అస్పష్టత లేదు. బిడ్డ గురించి నిజం తెలుసుకోవలసింది కోర్టు. కాబట్టి ఆ ఖర్చు పెట్టవలసింది రాజ్యం. కక్షిదారు కాదు.

అయితే ఇది ‘చేయవచ్చు’ అనే అధికారం. రాష్ట్రాలు దాన్ని ఎంత నిజాయతీగా వాడుకుంటే అంతే విలువ. ఒక నిబంధన రాసి దస్త్రంలో పెట్టడం ఒక ఎత్తు. ఈనాటి నిపుణుడి సమయానికి తగిన స్థాయిని నిర్ణయించి, ఏటా సవరించి, దానికి బడ్జెట్‌లో పద్దు పెట్టి, కోర్టు ఆవరణలో కక్షిదారుకు కనిపించేలా బోర్డు మీద రాయడం ఇంకొక ఎత్తు. ఉన్న హక్కు సంగతి తెలియని తల్లికి ఆ హక్కు లేనట్టే.

ఉమ్మడి పౌరస్మృతి మీద మన రాజకీయ పక్షాలు దశాబ్దాలుగా గొంతు చించుకుంటున్నాయి. ఉత్తరాఖండ్‌లో అది 2025 జనవరి నుంచి అమల్లోకి కూడా వచ్చింది. అనుకూలురూ, ప్రతికూలురూ గమనించని వింత ఒకటుంది. పిల్లల సంరక్షకత్వం విషయంలో అన్ని మతాలకూ వర్తించే 1890 చట్టం 135 ఏళ్లుగా దేశంలో ఉండనే ఉంది. షెడ్యూల్డు తెగలకు హిందూ వివాహ చట్టం, హిందూ సంరక్షకత్వ చట్టం మామూలుగా వర్తించవు. కాబట్టి ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రంలో ఆదివాసీ కుటుంబానికి కోర్టులో దిక్కు ఆ పాత చట్టమే. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, గోండు ఎవరైనా సరే, కస్టడీ కేసులో వారందరికీ ఉమ్మడిగా ఉన్న కష్టం నిపుణుడి బిల్లు. టెలివిజన్ చర్చల్లో దానికి చోటు లేదు.

డబ్బు లేదనే వాదన నిలవదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మహతారీ వందన్ పథకం కింద వివాహిత మహిళలకు నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. వితంతువులు, విడాకులు పొందినవారు, భర్త వదిలేసినవారు కూడా అందులో ఉన్నారు. 2024 మార్చిలో తొలి విడతగా సుమారు 70 లక్షల మంది ఖాతాల్లో దాదాపు 655 కోట్ల రూపాయలు పడ్డాయి. ఆ పథకాన్ని తప్పుబట్టాల్సిన పని లేదు. చేతిలో సొంత డబ్బు ఉన్న స్త్రీకి ఇంట్లో గొంతు పెరుగుతుంది. ఒక పోలిక కోసం మాత్రమే ఆ అంకె. రాష్ట్రంలో ఏటా వెయ్యి కస్టడీ వివాదాలకు పూర్తిస్థాయి మదింపు అవసరమైందనుకుని, ఒక్కోదానికి 20,000 రూపాయల చొప్పున చెల్లించినా మొత్తం 2 కోట్లు. ఒక నెల మహతారీ వందన్ సొమ్మును గంటల్లోకి విడగొడితే ఇది రెండు గంటల చిల్లర వాటా.

ఆ 20,000 గాలిలోంచి తెచ్చిన అంకె కాదు. పిల్లలను దత్తత తీసుకునే దంపతుల ఇంటికి సామాజిక కార్యకర్త వెళ్లి గృహాధ్యయన నివేదిక రాయాలి. దేశీయ దత్తతలో రిజిస్ట్రేషన్‌తో కలిపి దానికి 6,000 రూపాయలని 2017 నాటి కేంద్ర దత్తత నియమావళి ధర కట్టింది. కస్టడీలో ఇళ్లు రెండు. అంటే 12,000. బిడ్డతో విడిగా జరిపే సిట్టింగులకూ, కోర్టు సాక్ష్యానికీ మరో 8,000 వేసుకుంటే లెక్క సరిపోతుంది. నగరంలోని పెద్ద ప్రైవేటు నిపుణులకు ఇది చాలకపోవచ్చు. అయితే ప్రభుత్వ వైద్య కళాశాలలోనో, విశ్వవిద్యాలయంలోనో పనిచేసేవారికి అదనపు పారితోషికంగా ఇది తక్కువేమీ కాదు. పరాయి బిడ్డను ఇంటికి తెచ్చుకునే చోట రాజ్యం ధర కట్టి, పద్ధతి రాసి, పోర్టల్ పెట్టింది. సొంత బిడ్డ కోసం ఇద్దరు కొట్టుకునే చోట మాత్రం ‘మీరే చూసుకోండి’ అన్నట్టుంది.

దీనికి తోడు 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసేవకు అర్హులు. 2011 జనగణన ప్రకారం ఛత్తీస్‌గఢ్ జనాభాలో షెడ్యూల్డు తెగలు 30.6 శాతం, షెడ్యూల్డు కులాలు 12.8 శాతం. వీరికి మిగతా వర్గాల స్త్రీలను కలిపితే రాష్ట్రంలో అత్యధికులు ఈ గొడుగు కిందికి వస్తారు. న్యాయసేవ అంటే ఉచిత వకీలు మాత్రమే కాదు. కేసు నడపడంలో అందించే ఏ సేవైనా అందులోకి వస్తుందని ఆ చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. కస్టడీ కేసులో బిడ్డ సైతం ఒక హక్కుదారు. మదింపు ఖర్చును బిడ్డ పేరున న్యాయసేవగా భరించడానికి చట్టం అడ్డు రాదు. జిల్లా న్యాయసేవల సంస్థల ఆలోచన ఉచిత వకీలు దగ్గరే ఆగిపోవడం అసలు చిక్కు.

ఇంకాస్త కష్టమైన ప్రశ్న మనుషులది. డబ్బు పెట్టినా నిపుణులు ఎక్కడున్నారు? దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. క్లినికల్ సైకాలజిస్టులు మరీ తక్కువ. ఉన్నవారు కూడా పెద్ద నగరాల్లోనే. రాయ్‌పూర్‌కు ఎయిమ్స్ ఉంది, జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల ఉంది, రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం ఉంది. జగ్దల్‌పూర్, అంబికాపూర్‌లలో కేసు వేసినవారు వీటిదాకా రావాలంటే ఒక రోజు ప్రయాణం, ఒక రోజు కూలి. అందువల్ల ప్రతి కేసుకూ పెద్ద డాక్టరు కావాలని పట్టుబట్టడం అవివేకం.

చాలా కేసులకు అది అవసరం కూడా లేదు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 6వ సెక్షన్ కింద కౌన్సెలర్లు ఉండాలి. వారికి నిర్దిష్టమైన శిక్షణ ఇచ్చి, దాఖలైన ప్రతి కస్టడీ కేసులోనూ రెండు మూడు గంటల తొలి పరిశీలన చేయిస్తే సగానికి సగం వివాదాల్లో అసలు తగాదా బిడ్డ గురించి కాదనీ, భరణం గురించో, అహం గురించో అనీ అక్కడే తేలిపోవచ్చు. హింస ఆరోపణ, మానసిక అనారోగ్యం, ప్రత్యేక అవసరాలున్న బిడ్డ, తల్లినో తండ్రినో చూడనని మొండికేసే బిడ్డ ఉన్న కేసులను మాత్రమే పూర్తి మదింపునకు పంపాలి. బెంగళూరు నిమ్హాన్స్ దూరశిక్షణ ద్వారా ఛత్తీస్‌గఢ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మానసిక వైద్యంలో తర్ఫీదు ఇచ్చిన అనుభవం ఇప్పటికే ఉంది. అదే సంస్థలోని బాలమానసిక వైద్య విభాగానికి కోర్టుల కోసం పిల్లలను పరీక్షించే పని కొత్త కాదు. డాక్టర్లకు పనికొచ్చిన పద్ధతి కౌన్సెలర్లకు పనికిరాకుండా పోదు.

బయటి దేశాలు దీన్ని ఎలా చేస్తున్నాయో చూస్తే కళ్లు తెరుచుకునే సంగతి ఒకటుంది. మదింపును మార్కెట్‌కు వదిలేసిన చోట అది ధనికుల సాధనమైంది, కోర్టు సేవగా చేసిన చోట సామాన్యుడికి అందింది. అమెరికాలో ప్రైవేటు మదింపునకు వేల డాలర్లు పోయాలి. కాలిఫోర్నియా చట్టం తల్లిదండ్రుల ఆర్థిక స్థితిని విచారించి ఎవరు ఎంత భరించాలో కోర్టు తేల్చాలంటుంది గానీ, అది భారాన్ని పంచడమే, తొలగించడం కాదు. ఇంగ్లండ్‌లో కాఫ్‌కాస్ అనే ప్రభుత్వ సంస్థ 2001 నుంచి పనిచేస్తోంది. 1989 నాటి పిల్లల చట్టం 7వ సెక్షన్ కింద కోర్టు అడిగితే దాని సామాజిక కార్యకర్తలు సంక్షేమ నివేదిక రాస్తారు. కుటుంబం నుంచి పైసా తీసుకోరు. 2013లో అక్కడి ప్రభుత్వం కుటుంబ కేసుల్లో న్యాయసహాయాన్ని దారుణంగా కోసేసినా ఈ సేవ జోలికి పోలేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో పిల్లల న్యాయవాది కార్యాలయం అవసరమని భావించిన కేసుల్లో ఉచితంగా నివేదిక ఇస్తుంది. ఆస్ట్రేలియాలో కోర్టు తన సొంత బాల నిపుణుల చేత కుటుంబ నివేదిక రాయిస్తుంది. జాప్యం ఈ దేశాల్లోనూ ఉంది. కానీ పేదవాడన్న కారణంగా బిడ్డ గొంతు వినపడకుండా పోవడం అక్కడ తక్కువ.

ప్రవాస తెలుగువారికి ఈ తేడా అనుభవంలోకి వచ్చింది. అమెరికాలో పుట్టిన ఇద్దరు పిల్లలను తల్లి హైదరాబాద్ తీసుకొచ్చి ఇక్కడి కుటుంబ న్యాయస్థానంలో కస్టడీ కోరితే, పిల్లల సాధారణ నివాసం ఇక్కడ కాదు కాబట్టి విచారణాధికారం లేదని హైకోర్టు తేల్చింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది. బిడ్డ ఎక్కడ ఉంటే బాగుంటుందన్న అసలు ప్రశ్న మళ్లీ పెన్సిల్వేనియా కోర్టుకే చేరింది. రెండు దేశాల మధ్య తగాదాకు చట్టం ఒక దారి చూపింది. రెండు రాష్ట్రాల మధ్య తగాదాలో నివేదిక సేకరించే పద్ధతి మాత్రం స్థిరపడలేదు.

శంకర్ నగర్ పాప సంగతికి మళ్లీ రావాలి. ఆమెకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. భయం, బెంగ, అలక లాంటివి బిడ్డ ఏ భాషలో చెబుతుందో ఆ భాషలో వినగలిగేవారే మదింపు చేయాలి. నాన్నమ్మ గురించి హిందీలో ‘ఠీక్ హై’ అని ఊరుకున్న పాప, తెలుగులో అడిగితే నాన్నమ్మ రాత్రి చెప్పే కథల సంగతీ చెప్పవచ్చు, అమ్మను ఆమె అన్న మాటల సంగతీ చెప్పవచ్చు. రాయ్‌పూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో తెలుగువారికి కొదవ లేదు. తెలుగు తెలిసిన ఒక సామాజిక కార్యకర్తను నిపుణుల జాబితాలో చేర్చుకోవడం అసాధ్యం కాదు. తల్లి పుట్టిల్లు చూడాలంటే పార్వతీపురం వెళ్లాలి. రాయ్‌పూర్ నిపుణుడు అక్కడికి వెళ్లనక్కర్లేదు. సివిలు ప్రక్రియా స్మృతి 26వ ఆర్డరు కింద కమిషన్ల ఏర్పాటు పాతదే. అక్కడి న్యాయసేవల సంస్థ ద్వారా ఇల్లు చూసి, అమ్మమ్మ తాతయ్యలతో మాట్లాడి, నివేదికలో ఆ భాగం పంపమని కోరవచ్చు. ప్రయాణ ఖర్చు మిగులుతుంది, ఆ ఊరు తెలిసినవారు చూసినట్టూ ఉంటుంది.

చవక అయినంత మాత్రాన మంచిదైపోదు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. రాజ్యం ధర కట్టగానే నకలు నివేదికలు పుట్టుకొస్తాయి. పేర్లు మార్చి అచ్చువేసిన నాలుగు పేజీలు, ఇల్లు చూడకుండానే చూసినట్టు రాసిన రాతలు. దేశంలో సర్వేలు, తనిఖీలు జరిగే తీరు తెలిసినవారు దీన్ని కొట్టిపారేయలేరు. తప్పుడు నివేదిక కంటే నివేదిక లేకపోవడమే నయం, ఎందుకంటే శాస్త్రం ముసుగు వేసుకున్న తప్పును న్యాయమూర్తి ప్రశ్నించడం కష్టం. ‘పేరెంటల్ ఏలియనేషన్’ అన్న మాట సంగతి చూడండి. బిడ్డ మనసును ఒకరు మరొకరి మీదికి ఉసిగొల్పడం నిజంగా జరుగుతుంది. 2017లో సుప్రీంకోర్టు ఒక కస్టడీ తీర్పులో దాన్ని ప్రస్తావించింది కూడా. అయితే హింస నుంచి తప్పించుకోవడానికి బిడ్డతో బయటపడిన తల్లుల మీద దాన్ని ఆయుధంగా వాడుతున్నారని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి రీమ్ అల్‌సలేం 2023 నివేదికలో హెచ్చరించారు. శిక్షణ లేని మదింపుదారు చేతిలో ఇలాంటి పదం పడితే బిడ్డ భయాన్ని కూడా తల్లి కుట్రగా రాసేస్తాడు.

అందువల్ల డబ్బుతో పాటు నియమం కూడా రావాలి. నిపుణుడిని కోర్టే నియమించాలి, ఏ పక్షమూ విడిగా చెల్లించకూడదు. బిడ్డకు వైద్యం చేసే వ్యక్తే మదింపు చేయకూడదు. ఎన్ని గంటలు ఎవరితో గడిపారో నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి. నివేదిక రాసినవారిని ప్రశ్నించే హక్కు ఇరుపక్షాలకూ ఉండాలి. బిడ్డ చెప్పిన మాటలు మాత్రం ఎదుటి పక్షం వాట్సాప్‌లోకి ఎక్కకుండా మూసిన కవరులో ఉండాలి. పరిశీలన మొదలైన 60 రోజుల్లో ముగియాలి. గడువు లేని మదింపు కూడా ఒక రకమైన శిక్షే. అది సాగినంత కాలం బిడ్డను దగ్గర పెట్టుకున్నవారిదే పైచేయి అవుతుంది, చివరికి ‘ఇప్పటికే ఇక్కడ అలవాటుపడింది’ అన్న ఒక్క వాక్యంతో కేసు తేలిపోతుంది.

భార్యాభర్తల తగాదాకు పన్నులు కట్టేవారి డబ్బెందుకు అనేవారూ ఉంటారు. ఆ ప్రశ్నకు చట్టంలోనే సమాధానం ఉంది. కస్టడీ కేసులో న్యాయస్థానం కేవలం ఇద్దరి మధ్య తీర్పరి కాదు, బిడ్డకు పెద్దదిక్కు. తన పూచీలో ఉన్న బిడ్డ బాగోగులు కనుక్కోవడానికి పెద్దదిక్కు ఆ బిడ్డ తల్లిని ఫీజు అడగడం ఏ ఇంట్లోనూ మర్యాద అనిపించుకోదు.

కేంద్రానికి కూడా ఇందులో బాధ్యత ఉంది. వివాహం, విడాకులు, మైనర్లు ఉమ్మడి జాబితాలోని 5వ అంశం. కుటుంబ న్యాయస్థానాలు లేని జిల్లాల్లో 235 పెట్టాలని 14వ ఆర్థిక సంఘం సూచించింది, దానికి పెరిగిన పన్నుల వాటాను వాడుకోమని రాష్ట్రాలను కోరింది. 2022లో చట్ట సవరణ చర్చ సందర్భంగా ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 715 కుటుంబ న్యాయస్థానాలు, వాటిలో 11 లక్షలకు పైగా పెండింగు కేసులు. కోర్టుల సంఖ్యను లెక్కపెడుతున్నారు. ఆ కోర్టుల్లో ఎన్ని కస్టడీ కేసుల్లో స్వతంత్ర నివేదిక వచ్చింది అన్నది కూడా అదే పట్టికలో ఒక గడిగా చేరాలి. లా కమిషన్ 2015లో 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీ గురించి వివరంగా సిఫారసులు చేసింది. ఏ తల్లిదండ్రులకు ఉమ్మడి కస్టడీ సరిపోతుంది, ఎవరికి అది బిడ్డకే ప్రమాదం అని తేల్చాలన్నా మళ్లీ ఆ నివేదికే కావాలి.

కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఇక్కడ లేదు. బిలాస్‌పూర్‌లోని హైకోర్టును సంప్రదించి రాష్ట్ర న్యాయశాఖ 23వ సెక్షన్ కింద ఈ కాలానికి తగిన ఫీజుల పట్టికను గెజిట్‌లో ప్రకటించవచ్చు. జిల్లా న్యాయసేవల సంస్థలు నిపుణుల జాబితాను, వారికి వచ్చిన భాషలతో సహా, తయారు చేయవచ్చు. రాయ్‌పూర్‌తో మొదలుపెట్టి ఒక ఏడాది చూసి బస్తర్‌కు విస్తరించవచ్చు. హైదరాబాద్, అమరావతి సచివాలయాలకూ ఇదే చట్టం, ఇదే సెక్షన్ వర్తిస్తాయి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఏ పార్టీ ఎమ్మెల్యే అయినా లేచి అడగగలిగే ప్రశ్న ఒకటుంది: గడిచిన ఆర్థిక సంవత్సరంలో కుటుంబ న్యాయస్థానాల్లో నిపుణుల ఫీజుల కింద రాష్ట్ర ఖజానా నుంచి ఎన్ని రూపాయలు ఖర్చయ్యాయి?